నాంచారమ్మ గీసిన ఏటిగడ్డ

అనగా అనగా, మన తాతల తాతలు కూడా విని చెప్పుకున్న కాలంలో, మందారగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో రాజమాతకు చూపు మందగించింది. రాజవైద్యుడు పరీక్షించి, "నెల తిరిగేసరికి చూపు పూర్తిగా పోతుంది మహారాజా" అన్నాడు.

రాజమాత ఒక్కటే కోరింది. "నాయనా, కళ్లుండగానే నేను పుట్టిన ఏటిగడ్డను ఒక్కసారి చూపించు."

ఏటిగడ్డ ఇంకెక్కడిది? నలభై ఏళ్ల కిందటి వరదలో ఊరికి ఊరే కొట్టుకుపోయింది.

రాజు ఆస్థాన చిత్రకారులను పిలిపించాడు. మొదటివాడు తామరలూ హంసలూ నిండిన ఏరు గీశాడు. రెండోవాడు మేడలు, గోపురాలు గీశాడు. రాజమాత రెండూ చూసి తల తిప్పుకుంది. "అందంగా ఉన్నాయి. కానీ మా ఊరు కాదు."

ఏటిగడ్డను కళ్లారా చూసిన చిత్రకారులెవరైనా ఉంటే రావాలని రాజు చాటింపు వేయించాడు.

సత్రంలో వంట చేస్తున్న నాంచారమ్మ చెవిన ఆ మాట పడింది. ఆమె పుట్టిందీ ఏటిగడ్డలోనే. తండ్రి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుంది. ఆమె గీసిన తెరలను పై ఊళ్లవాళ్లు అడిగి మరీ పట్టుకెళ్లేవారు. వరదలో తండ్రి పోయాడు. ఆనాటి నుంచి ఆమె కుంచె ముట్టలేదు. ఇప్పుడు అరవై దాటాయి.

"వద్దత్తయ్యా! గరిటె పట్టుకుంటేనే మీ చెయ్యి వణుకుతోంది. రాజుగారి ముందు నవ్వులపాలైతే?" అంది కోడలు.

"నాకూ భయంగానే ఉందమ్మా. కానీ ఆ ఊరు చూసి, కుంచె పట్టినవాళ్లు ఇంకెవరు మిగిలారు?"

కోటకు వెళ్లిన ఆమెకు రాజు పది రోజుల గడువు, బొమ్మ వేయడానికి మూడు బట్టలు ఇచ్చాడు.

మొదటి బట్ట మీద ఏటి ఒడ్డు గీయబోతే గీత అష్టవంకరలు పోయింది. రెండో బట్ట మీద రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకిపోయాయి. నాంచారమ్మకు ముద్ద దిగలేదు. ఇక మిగిలినవి మూడు రోజులు, ఒక్క బట్ట.

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇరవై ఏళ్లప్పటి చెయ్యి కోసం వెతుకుతున్నాను. అదిక రాదు. నాకున్నది ఈ చెయ్యే" అనుకుంది.

పొడవాటి గీతలు మానేసింది. చిన్న చిన్న గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఊపిరి బిగబట్టి గీసింది. ఏరు వచ్చింది. రేవు మెట్లు వచ్చాయి. మెట్ల పక్కన చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఏముండేది? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"ఓ చెట్టు వేసెయ్యండత్తయ్యా, ఎవరికి తెలుస్తుంది?"

"వెయ్యలేనమ్మా. ఆవిడకు ఇదే ఆఖరి చూపు."

పదో రోజున నాంచారమ్మ సభలో బొమ్మను పరిచింది. ఆస్థాన చిత్రకారుడొకడు కిసుక్కున నవ్వాడు. "బొమ్మ సగంలోనే ఆపేసింది ప్రభూ!"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఇక్కడ ఖాళీ ఎందుకు వదిలావు?"

నాంచారమ్మ చేతులు జోడించింది. "ప్రభూ, అక్కడ ఏముండేదో నాకు గుర్తులేదు. తెలియనిది తెలిసినట్టు గీయడానికి మనసొప్పలేదు."

రాజమాత బట్టను కళ్లకు ఆనేంత దగ్గరగా పట్టుకుంది. ఏటి వెంబడి వేలు జరుపుతూ వచ్చి ఆ ఖాళీ దగ్గర ఆగింది.

"ఇక్కడ పడవవాళ్ల పందిరి ఉండేది" అందామె. "దాని మీద బీరతీగ."

"అవునమ్మా!" నాంచారమ్మ సభను మరిచిపోయి అరిచింది. "సాయంత్రమయ్యేసరికి పసుపుపచ్చ పూలు! పడవ నడిపే ముసలి సరంగు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు!"

"అయినా మేం కోసేవాళ్లం!" రాజమాత పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "తల్లీ, కుంచె పట్టు. నేను చెబుతాను, నువ్వు గియ్యి."

రాజమాత పాదాల చెంత కూర్చుని నాంచారమ్మ పందిరి వేసింది, తీగ పాకించింది, పూలు పూయించింది. చూపు ఉన్న రోజులన్నీ రాజమాత ఆ ఊరినే చూసుకుంది. నాంచారమ్మ మళ్లీ కుంచె దించలేదు.

పిల్లలూ, ఎన్నేళ్లు విడిచిన విద్యనైనా మళ్లీ చేపట్టవచ్చు. ఉన్న చేతితో, తెలిసినంత మేర నిజంగా చేసిన పనికే మన్నన దక్కుతుంది.