చుక్కమ్మ తొట్టి, అచ్చియ్యమ్మ కంచం

అచ్చియ్యమ్మ ఇంట్లో ఆవిడతో కలిపి నాలుగు ప్రాణాలు. పాకలో చుక్కమ్మ అనే గేదె, ఆ గేదె వీపెక్కి కూర్చోవడం తన హక్కనుకునే పెట్టకోడి, వంటింట్లోకి సరాసరి వెళ్ళే అధికారం తనకొక్కడికే ఉందని మీసాలు దువ్వుకునే గండుపిల్లి. అచ్చియ్యమ్మ లేకపోతే ఈ మూడింటికీ దిక్కులేదు. ఆ సంగతి గేదెకు బాగా తెలుసు, కోడికి కొంచెం తెలుసు. పిల్లికి తెలిసినా తెలియనట్టే ఉండేది.

గేదె అనగానే మందబుద్ధి అనుకుంటారు జనం. అనుకోనీండి, మనకేం? చుక్కమ్మ నెమ్మదిగా మేసేది, మేసిందంతా మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని ఇంకోసారి నమిలేది. ఏదైనా మాట విన్నా అంతే, తీరుబడిగా నెమరేసుకుంటే గానీ వదిలేది కాదు.

ఆ రోజుల్లో చుక్కమ్మను తొలిచేస్తున్న బెంగ ఒక్కటే. పాలు పితుకుతుంటే అచ్చియ్యమ్మ చేతులు వణుకుతున్నాయి. గడ్డిమోపు దించి, గోడ పట్టుకుని అలాగే నిలబడిపోతోంది. సందెవేళ అయితే చాలు, కట్టుకొయ్య కళ్ళకి ఆనక కాలు కొట్టుకుంటోంది. సోమవారం పొద్దున కుడితి బిందెతో సహా కూలబడిపోయింది. ఎలాగో లేచి, గేదె మెడ మీద చెయ్యి వేసి, "ఇక నా వల్ల కాదే తల్లీ. ఈ గురువారం నిన్ను సంతకు తోలించేస్తాను. ఓపికున్నవాళ్ళెవరైనా చూసుకుంటారు" అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చుక్కమ్మ ఈ పాకలోనే పుట్టింది, ఈవిడ చేతి కుడితి తాగే పెరిగింది. ఇంకో గుమ్మం దానికి తెలియదు.

పిల్లి అప్పుడే వంటింట్లోంచి మూతి నాక్కుంటూ వచ్చింది.

"పిల్లి బావా, అమ్మ సరిగ్గా తింటోందా?" అని అడిగింది చుక్కమ్మ.

"తినకేం వదినా! కంచంలో అన్నం ఇంత ఎత్తు. ఇవతల కూర్చున్న నాకు ఆవిడ మొహం కనబడితే ఒట్టు!"

"ఎప్పుడడిగినా ఇదే పాట" అంది కోడి గేదె వీపు మీంచి.

"అన్నం సరేలే. పక్కన ఏముంటుంది?" అంది చుక్కమ్మ.

"ఆవకాయ."

"ఇంకా?"

"ఆవకాయలో నూనె."

"పప్పు వండుకోదూ?"

"ఒక్క ప్రాణానికి పప్పూ కూరా ఏమిటంటుంది."

"మరి నా పాలు?"

"పాలకేంద్రానికి పోతాయిగా."

"ఓ గ్లాసు ఉంచుకుంటుందే, నేను రోజూ చూస్తున్నా."

పిల్లి గోడ వైపు చూసింది. కోడి ఊరుకుంటుందా? రెక్కలు టపటపలాడిస్తూ కిందకి దూకింది. "నేను చెప్తా అక్కా! నా గుడ్లన్నీ కొట్టుకి పోతాయి. ఒక్కటి మిగిల్చి ఉడకబెట్టుకుందనుకో, ఈ మహానుభావుడు కంచం పక్కన చేరి ఏడుపు మొహం పెడతాడు. 'పాపం, దీనికెవరున్నారు' అని ఆ గుడ్డూ, ఆ గ్లాసుడు పాలూ ఇతగాడికే! కిటికీలోంచి నా కళ్ళతో చూశాను."

"నేనేమైనా అడిగానా?" అంది పిల్లి, నదురూ బెదురూ లేకుండా. "ఆవిడ మనసు మెత్తన. అయినా కడుపు నిండుతోందా, లేదా? మనిషికి అన్నం చాలు. పశువుకే కావాలి అయిదారు రకాలు."

చుక్కమ్మ ఆ మాటను నెమరేయడం మొదలెట్టింది. నిజమే, నా తొట్టిలో అన్నీ ఉంటాయి. వరిగడ్డి ఉంటుంది. తవుడు కలుపుతుంది. ఉలవలు ఉడికించి పోస్తుంది. పెరట్లో మునగ కొమ్మలు విరిచి వేస్తుంది. చివర్న గుప్పెడు ఉప్పు. తవుడెక్కడిది? ఆవిడ ధాన్యం మిల్లులో తెల్లగా పట్టిస్తే రాలిందే కదూ. ఆ తెల్లటి బియ్యం ఆవిడ కంచానికి, సారమున్న తవుడు నా తొట్టికి. ఉలవలు ఆవిడ చేలోవే, మునగ ఆవిడ పెరట్లోదే. అయ్యో తల్లీ, నీ భోజనమంతా నేను తినేస్తున్నానే!

"బావా, నేను ఒట్టి గడ్డే తింటే ఏమవుతాను?" అంది మెల్లిగా.

పిల్లికి నవ్వొచ్చింది. "మూడ్రోజులు తిని చూడు వదినా! పశువుకీ మనిషికీ తేడా ఏమిటో అప్పుడు నీకే తెలిసొస్తుంది" అని తోక ఊపుకుంటూ పోయింది. వెటకారానికి అన్న మాటే గానీ, వెనక్కి తీసుకోలేని మాట అన్నానని దానికి అప్పుడు తోచలేదు.

మర్నాటి నుంచి చుక్కమ్మ గడ్డి తప్ప ఇంకేదీ ముట్టలేదు. కుడితి పోస్తే మూతి తిప్పుకుంది. ఉడికిన ఉలవల వాసనకి నోరూరిపోయింది పాపం, అయినా బిగపట్టుకుంది. మునగాకు అలాగే వాడిపోయింది. బుధవారం పొద్దుటికి చెంబెడు పాలు కూడా రాలేదు.

కోడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "అక్కా, నీకు మతిపోయిందా? పాలు తగ్గితే సంతకు తోలడం ఇంకా ఖాయమైపోతుంది కదే!"

"ఊరికే కూర్చున్నా రేపు తోలేస్తారు. ఈ ఒక్కటీ చేసి చూడనీ" అంది చుక్కమ్మ.

పిల్లి కూడా పరిగెత్తుకొచ్చింది. పొద్దున దాని వాటా పాలు రాలేదు మరి. "వదినా, ఏదో వేళాకోళానికి అన్నాను. నీకు దణ్ణం పెడతా, కాస్త కుడితి తాగు!"

"మూడ్రోజులన్నావుగా బావా. ఇంకా రెండో రోజే" అంది చుక్కమ్మ.

ఆ మధ్యాహ్నం అచ్చియ్యమ్మకి ఇంట్లో కూర్చుంటే ముద్ద దిగలేదు. కంచం పట్టుకుని పాకలోకే వచ్చి, తొట్టి పక్కన రాయి మీద చతికిలబడింది. గేదెను చూస్తే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఏమే, ఏం రోగమే నీకు? గడ్డి ఒక్కటే ఎందుకు మేస్తున్నావు? కడుపు నిండుతుంది, కాదన్నానా? బలం ఎక్కడ్నుంచి వస్తుందే? ఎముకకి ఏముంది అందులో, కంటికేముంది, రక్తానికేముంది? అందుకే కదే అన్నీ కలిపి పెట్టేది! గడ్డి వద్దనలేదు, గడ్డితో పాటు మిగతావీ తినమంటున్నాను. పూటపూటా ఒకటే తింటూ కూర్చో, కాళ్ళు వణికి కూలబడతావు చూడు!"

తిడుతూనే ముద్ద కలిపింది. తెల్లటి అన్నం, ఎర్రటి ఆవకాయ. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

చుక్కమ్మ అదను చూసుకుంది. తొట్టిలోంచి ఒక మునగ కొమ్మ నోట కరుచుకుని, తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో వేసింది. వేసి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

అచ్చియ్యమ్మ కొమ్మ వైపు చూసింది. కంచం వైపు చూసింది. తొట్టిలోకి తొంగి చూసింది. తవుడు, ఉలవలు, ఆకు, అన్నీ అక్కడే ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ నీకు కొలిచి కొలిచి కలిపాను" అంది చివరికి. "నాకు కలుపుకోవడం మర్చిపోయానే చుక్కమ్మా."

అప్పుడు చుక్కమ్మ తొట్టిలో మూతి పెట్టింది. తల పైకెత్తకుండా అడుగుదాకా నాకేసింది.

ఆ సాయంత్రం వంటింట్లోంచి మునగాకు పప్పు వాసన వచ్చింది. పక్క పొయ్యి మీద ఉలవలు ఉడికాయి. ఈసారి ముందు ఆవిడ చారుకి తీసుకుని, తర్వాతే గేదెకి పోసింది. అన్నం మానలేదు, కొండంత కుప్ప కాస్తా దోసెడైంది. పక్కన ఉడికిన గుడ్డు ఒకటి, చివర్లో పెరుగు. పిల్లి ఎప్పట్లాగే కంచం పక్కన చేరి, తనకి తెలిసినంతలో అతి జాలి మొహం పెట్టింది.

"నీకు బియ్యం డబ్బా వెనకాల ఎలకలున్నాయిరా అబ్బాయ్. పో, పట్టుకో" అంది అచ్చియ్యమ్మ గుడ్డు కొరుకుతూ.

గురువారం సంతకు తోలేవాడు వచ్చి, గుమ్మంలోంచే వెనక్కి పోయాడు. "ఇంకొన్నాళ్ళు చూస్తానులే నాయనా" అందావిడ. ఆ కొన్నాళ్ళు నెలలయ్యాయి. ఒకనాటి సందెవేళ అచ్చియ్యమ్మ గడ్డిమోపుతో వచ్చి, కట్టుకొయ్యను తప్పుకుని, గోడ ఆసరా లేకుండా నడిచి వెళ్ళింది. చుక్కమ్మ అది చూసి ఎంత సంతోషపడిందో చెప్పలేను.

కోడికి మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. "అక్కా, ఈమధ్య బియ్యం మరీ తెల్లగా పట్టొద్దని మిల్లువాడికి చెప్పిందట. నీకు తవుడు తగ్గిపోయింది, చూశావా?"

"చూశానే" అంది చుక్కమ్మ నింపాదిగా నమలుతూ. "అది ఆవిడ వాటాయే. ఇన్నాళ్ళకి ఆవిడ కంచానికి చేరింది."

పిల్లి ఏమైందంటారా? వెన్నపూసలా ఉండే ఒళ్ళు కరిగి, ఎలకల వెనక పరుగులు నేర్చుకుంది. ఎవరైనా "అమ్మ బాగా తింటోందా బావా?" అని అడిగితే ఇప్పుడు కుప్ప ఎంత ఎత్తో చెప్పదు. ఏమేం తిందో ఒక్కొక్కటే చెప్పి, ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తుంది.

నీతి: కంచం ఎంత నిండిందని కాదు, అందులో ఏమేం ఉన్నాయని చూసుకోవాలి.