మెడ విరిగే దీవెన

ఒకానొక సంస్థానంలో వీరతిమ్మరాజు అనే ప్రభువు ఉండేవాడు. తన నోట వచ్చింది శాసనం, ఎదుటివాడి నోట వచ్చింది నేరం అనుకునే రకం. ఆయన కొలువులో గవరయ్య అని ఒక హాస్యగాడు. చదువు అంతంతమాత్రం, పౌరుషం మాత్రం నిండా ఉంది. బహుభాషా పండితుడు భావనాచార్యులు నిండు కొలువులో తనను అక్షరం ముక్క రాని మొద్దు అన్న సంగతి ఏళ్లు గడిచినా గవరయ్య మరిచిపోలేదు.

కోటలో గడియారం బాగుచేయడానికి జర్మనీ నుంచి ఆల్బ్రెక్ట్ అనే దొర వచ్చాడు. జనం నోళ్లలో పడి ఆలుబ్రహ్మం దొర అయ్యాడు.

ఒక ఉదయం రాజు వేటకు బయల్దేరుతుంటే దొర టోపీ తీసి, నవ్వుతూ, "హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్" అన్నాడు.

ఏమంటున్నాడని రాజు అడిగాడు. ఆచార్యులు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. హాల్స్ అంటే మెడ. గొంతుక్కూడా వాళ్లకు అదే మాట. బైన్ అంటే కాలు, బ్రుఖ్ అంటే విరగడం.

"వెరసి, ప్రభువులవారి మెడా కాలూ విరగాలంటున్నాడు."

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. మంచి పనికి వెళ్లేవాళ్లను తమ దేశంలో అలాగే సాగనంపుతారనీ, దిష్టి తగలకుండా చెడు పలుకుతారనీ దొర తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లోనే మొత్తుకున్నాడు. నిఘంటువులో ఉన్నదే అర్థం, మిగతాదంతా బుకాయింపు అన్నాడు ఆచార్యులు. దొర తల తీయమని ఆజ్ఞ అయింది. భటులు దొరను ముంగిట్లో మోకరింపజేశారు. తలారి కత్తితో వచ్చాడు.

గవరయ్యకు జర్మను రాదు. కానీ తిట్టే మనిషి మొహం ఎలా ఉంటుందో తెలుసు. దొర మొహం అలాంటిది కాదు.

గవరయ్య వెళ్లి రాజు ఎదుట నిలబడ్డాడు. ఉత్తరీయం సర్దుకుని, కనుబొమలు ఎగరేసి, ముక్కుతో మూలుగుతూ, మజ్జిగ అనే మాటకు ఆచార్యులు అర్థం చెబితే ఎలా ఉంటుందో చేసి చూపించాడు. రాజు కోపమంతా మరిచి కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఓరి నీ దుంప తెగా! అచ్చం ఆయనేరా."

గవరయ్య దండం పెట్టి, తిన్నగా ముంగిట్లోకి నడిచి, దొర పక్కన మోకరించి మెడ చాచాడు. రాజు వెనకే వచ్చి, ఇదేం వేషమని గద్దించాడు.

"ఆజ్ఞ తమరిదే కదా ప్రభూ. నా దుంప తెగాలన్నారు."

"అది ముద్దుగా అన్న మాటరా, వెర్రివెధవా."

"ఆచార్యులవారి నిఘంటువులో ముద్దు ఉందో లేదో అడగండి."

రాజు ఆచార్యుల వైపు తిరిగాడు. ఆచార్యులు ఇరకాటంలో పడ్డాడు. నిఘంటువే అర్థమంటే ప్రభువు సేవకుణ్ణి శపించినట్టు, కాదంటే తను చెప్పింది తప్పయినట్టు. చివరికి, ఇలాంటివాటికి లోకవ్యవహారం చూసుకోవాలని గొణిగాడు.

గవరయ్య మోకాళ్ల మీదే ఉండి అన్నాడు.

"ఆ దొరకూ ఒక లోకం ఉంది కదా స్వామీ."

రాజు పగలబడి నవ్వాడు. దొరను లేపించి, ఆ మెడ మాట మళ్లీ అనిపించుకుని మరీ గుర్రమెక్కాడు. ఎక్కుతూ తన భుజం మీది పట్టుశాలువా తీసి గవరయ్య మీద కప్పాడు.

మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. అయినా గవరయ్య ఆ శాలువా తీయలేదు. పనేమీ లేకపోయినా ఆచార్యులవారి వాకిలి ముందునుంచే అటూ ఇటూ తిరిగాడు.