ఖాళీ ఇసుక

వెనకటికి ఒక ఊరి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరం దిద్దేవారు. అది వచ్చాక చెరిపి మరొకటి దిద్దేవారు. తనిఖీకి వచ్చిన దివాణం అధికారి అక్కడే సుష్టుగా భోంచేసి, విస్తరి ముందు నుంచి లేవకుండానే చదునైన ఇసుక చూసి మండిపడ్డాడు.

"నాలుగు నెలల చదువు ఏదీ? ఇక్కడేమీ లేదు. బడి మూసేయండి."

వడ్డించే నూకాలమ్మ ఆయన విస్తరిలో మళ్లీ అన్నం పెట్టబోయింది.

"ఇప్పుడేగా తిన్నాను?"

"విస్తరి ఖాళీగా ఉంది బాబూ. తిన్నట్టు ఎక్కడుంది?"

తిన్నాననే నిలబడితే ఇసుక గురించి అన్న తన మాట పోతుంది, తినలేదంటే మళ్లీ తినాలి. అధికారి నోరు తెరిచాడు. పెద్ద త్రేన్పు వచ్చింది.

"అదిగో, లోపల ఉంది," అంది నూకాలమ్మ. "ఇక పిల్లల చేత కూడా నోరు తెరిపించండి."

ఆయన ముందున్న పిల్లను క గుణింతం అడిగాడు. పిల్ల క దగ్గర మొదలెట్టి, చివరి అక్షరం బండి ఱ గుణింతం దాకా ఆపలేదు.