రాణి చెంప మీది గాటు

పానకాలాచారి కొట్లో గోడకు ఒక ఉలి వేలాడుతూ ఉండేది. దాన్ని ఆయన ముట్టగా చూసినవాళ్ళు లేరు. పాత వెండి నాణేల రకం, విలువ తేల్చడంలో తెనాలి చుట్టుపక్కల ఆయన మాటకు తిరుగులేదు. నాణేన్ని అంచులు పట్టి ఎత్తి చూసేవాడు, రాతి మీద జారవిడిచి మోత వినేవాడు, తూచేవాడు, చీటీ మీద రకం రాసిచ్చేవాడు. అంత ఓపిక నాకైతే ఏడు జన్మలెత్తినా రాదు.

శిష్యుడు బసవాచారికీ ఆ ఓపిక తక్కువే. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఒక్క గాటు పెడితే లోపల వెండో రాగో క్షణంలో తేలిపోతుంది కదా. ఆ ఉలి దించరేం?"

ఆచారి జవాబు చెప్పేలోగా నాంచారమ్మ అనే నడివయసు మనిషి గుమ్మమెక్కి వచ్చింది. కొంగుముడి విప్పి రాణిబొమ్మ రూపాయి ఒకటి ఆయన ముందు పెట్టింది.

"అమ్మడానికి కాదండీ. ఇది మంచిదో దొంగదో చెబితే చాలు. మా అమ్మ మంత్రసాని. కాన్పు చేసినందుకు ఒక పెద్దింటివాళ్ళు ఇచ్చారు. దొంగ రూపాయి పుచ్చుకుందని ఊరంతా నవ్వింది. ఇప్పుడు మంచం పట్టింది. పోయేలోగా నిజం తెలియాలని ఒకటే గోల."

బసవాచారి ముందే అందుకున్నాడు. "రాణి చెంప మీద ఇంత లోతు గాటా! మొహం చెడ్డాక ఇంకేముందమ్మా, చివరి రకం."

పానకాలాచారి నాణేన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఈ గాటు ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు.

"నలభయ్యేళ్ళ కిందట అమ్మ ఈ కొట్టుకే తెచ్చిందట. ఎవరో పడుచాయన ఉలితో కొట్టి చూసి, ఏమీ అనకుండా చేతిలో పెట్టి పొమ్మన్నాడట. ఏమీ అనలేదంటే దొంగదనేగా?"

కొట్లో పనిమీద వచ్చినవాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళందరికీ వినబడేలాగే చెప్పాడు ఆచారి.

"గాటు అడుగు చూడమ్మా. లోపల రాగి ఉంటే ఈపాటికి పచ్చగా చిలుము పట్టేది. చుక్క చిలుము లేదు. మంచి వెండి. ఆ సంగతి నాకు ఆనాడే తెలుసు. నిక్షేపంలాంటి నాణేన్ని చెడగొట్టానని ఒప్పుకోలేక నోరు మూసుకున్నాను. ఆ ఉలి నాదే."

తను చెబితే తప్ప ఎవరికీ తెలియని తప్పు అది. నోరు మెదపకపోతే అడిగేవాళ్ళు లేరు. నలభయ్యేళ్ళు కూడబెట్టుకున్న పేరును నలుగురి మధ్యా అలా పణంగా పెట్టడం నా వల్ల కాదు. అందుకే ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించబుద్ధవుతుంది.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేను వెళ్ళి చెబితే అమ్మ నమ్మదండీ."

ఆచారి లేచాడు. కండువా వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు. బసవాచారి ఖాళీ చీటీ పట్టుకుని గుమ్మం దాకా వెంటబడ్డాడు.

"గురువుగారూ, రకం ఏమని రాయమంటారు?"

"నువ్వన్నదే రాయి. గాటు పడింది కాబట్టి చివరి రకం. గాటు పెట్టినవాడిది ఏ రకమో ఆవిడ చెబుతుంది, వినొస్తాను."