బురద పూసిన శాసనం

కుమ్మరి బూసమ్మ మట్టి తవ్వుకు బతికే చెలకలో ఓ పాత రాయి బయటపడింది. దానిమీది గుర్తులు ఎవరికీ అంతుపట్టలేదు. సంగతి తెలిసి రాజుగారే చూడవచ్చారు. ఆస్థాన పండితుడు శరభశాస్త్రి మాత్రం గడగడా చదివేసి, "ఈ నేల మా ముత్తాతలదని రాసుంది ప్రభూ!" అన్నాడు.

బూసమ్మ ముందుకొచ్చింది. "నా పేరు రాసి చూపించినా పోల్చుకోలేని మొద్దుని ప్రభూ," అంటూనే రాయంతా బురద మెత్తి, ఒక్క గుర్తు మాత్రం వదిలింది. "ఇదేంటి బాబయ్యా?"

"నేల," అన్నాడు శాస్త్రి.

దాన్ని కప్పేసి, కింది వరసలో అచ్చం అలాంటిదే తెరిచింది. "మరి ఇది?"

"ముత్తాత."

రాజుగారు పగలబడి నవ్వారు. "రెండూ ఒకటేనయ్యా శాస్త్రీ!"

చెలక బూసమ్మకే దక్కింది.

"ఇంతకీ ఇందులో ఏముందే?" అన్నారు రాజుగారు.

"తెలీదు ప్రభూ. ఏ గుర్తు ఎన్నిసార్లొచ్చిందో, దేని పక్కనొచ్చిందో లెక్కేసుకుంటూ పోతే ఎప్పటికైనా తెలుస్తుంది."

శాస్త్రి కండువా నడుముకు బిగించి, బురద కడగడానికి కూర్చున్నాడు.