పెరుగు బండికి వచ్చిన వణుకు

అనగా అనగా, ఎడ్లబళ్ళు తగ్గి మోటారు బళ్ళు పెరుగుతున్న రోజుల్లో, మామిడివలస అనే ఊళ్ళో దాలయ్య అనే పెరుగు వర్తకుడు ఉండేవాడు. అతని భార్య పోలమ్మ. ఆమె తోడువేసిన పెరుగు కత్తితో కోస్తే ముక్కలుగా వచ్చేది. ఆ పెరుగు కుండలను దాలయ్య తన పాత వ్యానులో పెట్టుకుని, రోజూ పొద్దున్నే పట్నానికి తీసుకుపోయి అమ్మేవాడు.

వ్యాను ముసలిదే. అయినా దాలయ్యకు అదంటే ప్రాణం. తనంతటి డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడని అతని నమ్మకం.

అలాంటి వ్యాను ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. మెల్లగా పోతే ఏమీ లేదు. కాస్త వేగం అందుకుందంటే చాలు, చలిజ్వరం వచ్చినట్టు గడగడా ఊగిపోయేది. మెల్లగా పోదామంటే పట్నం చేరేసరికి ఎండెక్కి పెరుగు పులిసేది. వేగంగా పోదామంటే కుండల్లోనే చిలికినట్టయి, పెరుగు మజ్జిగయ్యేది. పైన వెన్న కూడా తేలేది.

పట్నంలో పెళ్ళిళ్ళకు వంట చేసే కామేశం కుండ మూత తీసి చూశాడు.

"దాలయ్యా, నేను అడిగింది పెరుగు. నువ్వు తెచ్చింది మజ్జిగ. ఈ వారంలోనే పెద్ద పెళ్ళి ఉంది. ఆ రోజు కూడా ఇదే తెచ్చావంటే, ఇక మరొకరిని చూసుకుంటాను" అన్నాడు.

దాలయ్య గుండెల్లో రాయి పడింది. కామేశం పోతే వ్యాపారం పోయినట్టే.

మొదట టైర్లమీద అనుమానపడ్డాడు. ముందు టైర్లు రెండూ మార్పించాడు. వ్యాను వణికింది. తర్వాత ఇంజనుమీద అనుమానపడ్డాడు. దాని కింద అరిగిపోయిన రబ్బర్లు తీయించి కొత్తవి వేయించాడు. వ్యాను వణికింది. చివరికి దిష్టి తగిలిందనుకున్నాడు. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ దండగుచ్చి వ్యాను ముందు వేలాడదీశాడు. వ్యాను వణికింది. దాంతోపాటు నిమ్మకాయలూ వణికాయి.

"రోడ్డు బాగాలేదే" అన్నాడు భార్యతో.

"నిన్న అదే రోడ్డుమీద బస్సులో పోయివచ్చాను. నా కడుపులో చల్ల కదల్లేదు" అన్నది పోలమ్మ.

పెళ్ళి రేపనగా ఆమె తానే వ్యాను ఎక్కింది. గిన్నె నిండా నీళ్ళు పోసి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు పోనీ, నేను చూస్తాను" అన్నది.

ముందు సీట్లో కూర్చుంటే నీళ్ళమీద సన్నని అలలు లేచాయి. వెనక కుడివైపు కూర్చుంటే అలలు పెద్దవయ్యాయి. వెనక ఎడమవైపు, సరిగ్గా చక్రం మీద కూర్చుంటే, నీళ్ళు ఎగిరి ఆమె ముఖాన పడ్డాయి.

"రోగం ఇక్కడుంది" అన్నది పోలమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఇద్దరూ వ్యానును మెకానిక్ మస్తాను దగ్గరికి తీసుకుపోయారు. మస్తాను ఆ చక్రం పక్కన వంగి కూర్చున్నాడు.

"ఇరుసు వంగిందేమో బాబాయ్. ఈ బండి ఎక్కడైనా గుంటలో పడిందా? బురదలో దిగబడిందా?"

దాలయ్య భార్య వైపు ఓరగా చూశాడు. "నా చేతిలో బండి దిగబడటమేమిటి మస్తానూ?" అన్నాడు.

"అయితే మొత్తం విప్పి చూడాల్సిందే. రెండు మూడు రోజులు బండి ఇక్కడే ఉండాలి."

మస్తాను పానా చేతికి తీసుకున్నాడు. దాలయ్యకు కామేశం ముఖం కళ్ళముందు మెదిలింది. పెళ్ళి పంక్తిలో పెరుగు లేని విస్తళ్ళు కనిపించాయి. గబుక్కున మస్తాను చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు, ఆగు. ఉన్నమాట చెప్పేస్తాను" అన్నాడు. "ఆమధ్య వాన పడిన రోజు ఒక ఆటోవాడు నన్ను దాటిపోయాడు. నాకు రోషం వచ్చింది. వాడికంటే ముందు చేరాలని పొలాలకు అడ్డంపడి పోయాను. బంకమట్టిలో ఈ చక్రం సగందాకా దిగబడింది. దున్నపోతులను కట్టించి లాగించుకున్నాను. మా ఆవిడ నవ్వుతుందని ఇంట్లో చెప్పలేదు."

పోలమ్మ నిజంగానే నవ్వింది. మస్తాను కూడా నవ్వి, ఇరుసు జోలికి పోకుండా ముందుగా ఆ వెనక చక్రాన్ని ఊడదీశాడు. లోపలివైపు, అంచుకు ఒక పక్కన, ఇటుకంత బంకమట్టి ఎండి రాయిలా అతుక్కుని ఉంది.

"ఇంత బరువు ఒక పక్కనే ఉంటే చక్రం తిన్నగా ఎలా తిరుగుతుంది బాబాయ్? బురద సంగతి ముందే చెప్పి ఉంటే ముందే ఇక్కడ చూసేవాణ్ణిగా."

ఉలి పెట్టి కొట్టి, గీకి, కడిగి, చక్రం మళ్ళీ బిగించాడు. దాలయ్య వ్యానును రోడ్డెక్కించి వేగం పెంచాడు. పోలమ్మ గిన్నెలో నీళ్ళు అద్దంలా నిలిచాయి.

మర్నాడు కామేశం మూత తీసి, గరిటె వెనక్కి తిప్పి పెరుగుమీద కొట్టాడు. టప్ మన్నది. "ఇదీ పెరుగంటే" అన్నాడు. పెళ్ళివారు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

వణుకు ఎలా పోయిందని ఎవరడిగినా, దాలయ్య ఇప్పుడు బురద సంగతే మొదట చెబుతాడు.

పిల్లలూ, చేసిన పొరపాటును దాచుకుంటే దాని బరువు మనతోనే తిరుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడి ప్రయాణమే సాఫీగా సాగుతుంది.