నడుం తొక్కే అబ్బులు పెళ్ళాం

అనగనగా ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒక కోడలుండేది. ఆవిడ కడుపులో ఒక మాట ఉండేది. మొగుడికి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు, పుట్టింటికెళ్ళినప్పుడు కన్నతల్లికీ చెప్పలేదు. ఆఖరికి దేవుడి గూడు ముందు ఒక్కర్తే నిలబడ్డప్పుడు కూడా పెదవి కదపలేదు. ఏవిటా మాట అంటారా? "నాకు నడుం నొప్పి."

నవ్వకు పండూ. ఇంతేనా అంటావా? ఇంతే. ఇంత మాటే కొందరికి గొంతులో ముల్లు. ఎందుకో చెప్తాను, ముందు ఆ దిండు తెచ్చి నా మోకాళ్ళ మధ్య పెట్టు. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు అదుంటే నడుముకి హాయి. ఆఁ, ఇప్పుడు ఊ కొట్టండి.

నూకరత్నం మొగుడు అబ్బులు. లోకమంతా తల ముందు పెట్టి పుడితే అబ్బులు కాళ్ళు ముందు పెట్టి పుట్టాడు. అలా ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తొక్కితే ఎంత పట్టేసిన నడుమైనా వదిలిపోతుందని ఆ ఊరి నమ్మకం. తెల్లారేసరికి వాళ్ళ అరుగు ముందు జనం. బస్తాలు మోసి పట్టేసినవాళ్ళు, ఊడ్పుల్లో వంగి పట్టేసినవాళ్ళు, కొట్లో కూచుని కూచుని పట్టేసినవాళ్ళు. ఓ మాటు ఆ దేశపు రాజుగారే పల్లకీ ఎక్కి వచ్చాడు, సింహాసనం మీద కూచుని కూచుని పట్టేసిందని. రాజైతేనేం, అరుగు మీద బోర్లా పడుకోవలసిందే. అబ్బులు పంచె ఎగ్గట్టి, ఎడం కాలితో ఓ మాటు, కుడికాలితో ఓ మాటు, మళ్ళీ ఎడం కాలితో ఓ మాటు తొక్కి, పోయిందా అని అడిగేవాడు. కిందున్నవాళ్ళు కుయ్యో మొర్రో అంటూనే పోయింది బాబూ, పోయిందనేవారు. అరటిగెలో, కొబ్బరికాయో అక్కడ పెట్టి కుంటుకుంటూ వెళ్ళేవారు.

మళ్ళీ వస్తేనో? నోరు మూసుకునేవారు. అబ్బులు తొక్కినా పోలేదంటే ఆ నడుం మీద దయ్యం కూచున్నట్టే. పాపం చేసినవాళ్ళ మీదే అది కూచుంటుందని, పైకి చెప్తే పక్కింటికి పాకుతుందని అనుకునేవారు. అంచేత ఆ ఊళ్ళో ఎవరికీ పోలేదు, అందరికీ పోయింది.

అబ్బులు చెడ్డవాడా అమ్మమ్మా అంటున్నాడు చంటి. కాదురా, వెర్రిబాగులవాడు. అందరూ పోయిందంటున్నారు కదా, పోయిందనే అనుకున్నాడు. పడుకునేముందు తన పాదాలకి తనే దణ్ణం పెట్టుకునేవాడు.

మరి అలాంటివాడి పెళ్ళాం నాకు నడుం నొప్పంటే ఊరు ఊరుకుంటుందా? సొంతింటి దూలానికి చెదపట్టింది, ఊరి దూలాలు బాగుచేస్తాట్ట అని పక పక నవ్వదూ? అత్తగారు అచ్చియ్యమ్మకి కొడుకు కాలంటే ఎంత గొప్పో. ఆవిడేమో ఎప్పుడు చూసినా వాకిలి ఊడుస్తున్నట్టే వంగి నడిచేది, చేతిలో చీపురు లేకపోయినా సరే. అయినా నోరు తెరిస్తే "మావాడి కాలు, మావాడి కాలు" అనేది.

ఒకే ఒక్కర్తి ఆ అరుగు మీంచి లేచి పోలేదంది. పక్కవీధి సూరీడమ్మ. తొక్కించుకుంది, మెల్లిగా లేచింది, చీర దులుపుకుంది, పోలేదు అబ్బులూ, ఇంకా ఎక్కువైందంది. అచ్చియ్యమ్మ అంతెత్తున లేచింది. లేచింది అంటే మాటకి, పాపం ఆవిడ నిటారుగా లేవలేదు కదా. "పట్టేసింది నీ నడుం కాదే, నీ బుద్ధి!" అని తిట్టింది. ఆ తరవాత సూరీడమ్మని పేరంటానికి పిలిచినవాళ్ళు లేరు, నీళ్ళ రేవులో పక్కన నిలబడ్డవాళ్ళు లేరు. ఆవిడ అన్నగారింటికని పట్నం వెళ్ళిపోయింది. అక్కడ పెద్దాసుపత్రిలో ఓ డాక్టరమ్మ నడుముకి కసరత్తులు నేర్పిందని, ఇప్పుడు సూరీడమ్మ నిటారుగా నడుస్తోందని, నలుగురికీ తనే నేర్పుతోందని ఎవరో చెప్పుకొచ్చారు. ఊరు నమ్మలేదు.

సూరీడమ్మ వెళ్ళేరోజున నూకరత్నం చాటుగా మజ్జిగ చెంబు పట్టుకెళ్ళింది. సూరీడమ్మ ఆవిడ నడకకేసి చూసి, నీకూ ఉంది కదూ అంది. నాకేం, రాయిలా ఉన్నానంది నూకరత్నం. సరేలే, ఎప్పుడైనా పోలేదని నోరారా అనాలనిపిస్తే ఫోన్ చెయ్యమంది సూరీడమ్మ.

రాజులున్న కథలో ఫోనేవిటంటావా? రాజుగారికి పల్లకీ ఉండగా లేనిది నూకరత్నం ఇంట్లో ఫోనుంటే తప్పొచ్చిందా? కథ నాది. ఊ కొట్టు.

నూకరత్నం రోజెలా ఉండేదంటే, వంగి ఊడ్చు, ఊడ్చి చల్లు, చల్లి ముగ్గెయ్యి, ముగ్గేసి తోము, తోమి తోడు, తోడి మొయ్యి, మోసి రుబ్బు, రుబ్బి వండు, వండి ఉతుకు, ఉతికి ఆరెయ్యి, ఆరేసి మళ్ళీ వంగి ఊడ్చు. పొద్దున్న కళ్ళు తెరవాలంటే భయం. తెరిస్తే లేవాలి, లేస్తే వంగాలి, వంగితే నడుంలోంచి తొడ దాకా సలసల కాగిన నూనె పోసినట్టుండేది.

ఆవిడకి మంగ అని ఓ కూతురుంది. పిడికెడంత పిల్ల. పొద్దస్తమానం చేతులు చాపి, అమ్మా ఎత్తుకో అనేది. నూకరత్నం ఎలా ఎత్తుకుంటుంది? నడుం నొప్పనలేదు కదా. అంచేత, "ఇంకా ఎత్తుకోవడమేవిటే, పెద్దదానివైపోయావు" అనేది. ఒకటికి పదిసార్లు అదే మాట. పోనుపోను పిల్ల చేతులు చాపడం మానేసింది. అమ్మయ్య అనుకుంది నూకరత్నం. అనుకుని, గొడ్లసావిట్లోకి పోయి గడ్డిమోపు మీద పడి, ఏడుపు బైటికి రాకుండా పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

ఊ కొడుతున్నారా, నిద్రపోతున్నారా? ఇప్పుడు దయ్యం వస్తుంది.

నువ్వేడిస్తే నేను ఊగిపోతున్నాను, కాస్త కుదురుగా ఏడవ్వే అని వెనకాలనించి ఓ గొంతు వినపడింది. నూకరత్నం నడుం మీద కూచున్న దయ్యమది! భయపడకండర్రా, పీక పిసికే రకం కాదు, ఒఠ్ఠి బద్ధకపు దయ్యం. నిలబడలేదు, నడవలేదు, ఎవరో ఒకరి నడుం మీద చతికిలపడాలి. నూకరత్నం గడుసుది. తిడితే తన గుట్టు చెప్పదని, దాన్ని పొగిడింది. ఎంత బలమమ్మా నీది, ఎవరి మీద పడితే వాళ్ళ మీద కూచోగలవా అని అడిగింది. దయ్యం ఉబ్బిపోయింది.

"వంగి ఎత్తేవాళ్ళ మీద ఎక్కుతాను. ఎత్తి మెలి తిరిగేవాళ్ళ మీద కూచుంటాను. కూచుని లేవనివాళ్ళ మీద కాళ్ళు చాపుతాను. నొప్పని మంచమెక్కి దిగనివాళ్ళ మీద కాపురమే పెడతాను!"

మరి ఎవరి మీదా జారవా అంది నూకరత్నం.

"ఎందుకు జారనూ? మోకాళ్ళు వంచి నడుం నిలిపి బరువెత్తేవాళ్ళ మీద జారతాను. బిందెని బిడ్డలా పొట్టకి హత్తుకునేవాళ్ళ మీద నాకు పట్టు దొరకదు. మాటిమాటికీ లేచి నాలుగడుగులేసేవాళ్ళ మీద కళ్ళు తిరుగుతాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు ముడిచి పాదాలు నేలకానించి, నడుముని మెల్లిగా లేపి మెల్లిగా దింపేవాళ్ళు చూశావూ, రోజూ కాసింత చేసేవాళ్ళు, వాళ్ళ మీంచి దబ్బున పడతాను. ఇవన్నీ నాకు చిన్న భయాలే. పెద్ద భయం ఒకటుంది, అది మాత్రం చెప్పను."

అని నాలిక్కరుచుకుంది.

నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. కానీ అంతా దొంగచాటుగా చెయ్యాలి కదా! చీపురుకి పొడుగు కర్ర కట్టి వంగకుండా ఊడ్చింది. ఏవే, మహారాణీలా నిలబడి ఊడుస్తున్నావేవిటే అని అత్త సాగదీసింది. కారణం చెప్పలేక కర్ర తీసేసింది. రుబ్బుతూ రుబ్బుతూ లేచి నాలుగడుగులేసింది. పప్పు రుబ్బుతున్నావా, ప్రదక్షిణాలు చేస్తున్నావా అంది అత్త. కూచుండిపోయింది. గొడ్లసావిట్లో వెల్లకిలా పడుకుని నడుం లేపుతుంటే, అత్త అలికిడైతే చటుక్కున లేచేది, ఆ లేవడంలోనే మళ్ళీ పట్టేసేది. అలా పడుతూ లేస్తూ చెయ్యగా చెయ్యగా ఒక పొద్దున్న నొప్పి కాస్త పల్చబడింది. నూకరత్నానికి నమ్మకం కుదరలేదు. వంగి చూసింది. తిరిగి చూసింది. సంతోషం పట్టలేక పరిగెత్తుకెళ్ళి మంగని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పింది. పిల్ల కిలకిలా నవ్వింది. ఎన్నాళ్ళైందో ఆ నవ్వు విని! రెండో చుట్టులో నూకరత్నం నడుం కటుక్కుమంది.

అదర్రా తప్పు. మల్లెమొక్కకి రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యాలి గానీ, నెల్లాళ్ళ నీళ్ళూ ఒక్కరోజే కుమ్మరిస్తే ఏవవుతుంది? నూకరత్నం జొరమని చెప్పి మంచమెక్కింది. మంచమెక్కితే ఏం చేస్తానంది దయ్యం? కాపురం పెట్టింది. చాప పరిచింది, పొయ్యి రాజేసింది. ఇంకెందుకీ బతుకనుకుంది నూకరత్నం. చెప్తే మొగుడి పరువు పోతుంది, చెప్పకపోతే నా నడుం పోతుంది, ఇలాగే వంగి వంగి అత్తలా అవుతాను, రేపు నా కూతురు పెళ్ళిపీటల మీద కూచుంటే దాని పాదాలు కనిపిస్తాయి గానీ మొహం కనిపించదనుకుంది. అనుకుని గోడ వైపుకి తిరిగింది. గోడ ఏం చెప్తుంది?

పండూ, కళ్ళు తుడుచుకో. ఇంకా ఉంది.

మెల్లిగా మంచం దిగిన రోజున, మంగ బుగ్గలు లోపలికి పోయి ఉండటం చూసింది. పిల్ల కంచం పట్టుకుని గొడ్లసావిట్లో నిలబడి, ముద్ద ముద్దా దూడకి పెడుతోంది. అన్నం తినవేవే తల్లీ అంటే, తల దించుకుని, "తింటే పెద్దదాన్నవుతాను కదమ్మా" అంది. "చిన్నగా అయిపోతే మళ్ళీ ఎత్తుకుంటావు కదా."

 ఇన్నాళ్ళూ నొప్పిని తను మింగుతున్నాననుకుంది నూకరత్నం గానీ, పిల్ల ఆకలిని మింగుతోందని తెలీలేదు. గబుక్కున వంగి పిల్లని పట్టుకోబోయింది. వంగినది వంగినట్టే బిగుసుకుపోయి కింద పడింది.

మంగ కేకలకి అందరూ పరిగెత్తుకొచ్చారు. ఇంకేవిటి దాచడం? అబ్బులు బిత్తరపోయాడు. నేనుండగా నీకేవిటి రత్నం అని, ఎత్తుకొచ్చి అరుగు మీద బోర్లా పడుకోబెట్టాడు. అరుగు చుట్టూ ఊరు. ఆవేళే రాజుగారి పల్లకీ కూడా మళ్ళీ వచ్చి ఉంది. అబ్బులు పాదాలకి దణ్ణం పెట్టుకుని, ఎడం కాలితో ఓ మాటు, కుడికాలితో ఓ మాటు, మళ్ళీ ఎడం కాలితో ఓ మాటు తొక్కాడు. తొక్కి, ఊరంతా వినపడేలా "పోయిందా?" అని అడిగాడు.

నూకరత్నానికి అరుగు బండ చల్లగా చెంపకి తగులుతోంది. ఎదురుగా, కింద, మంగ మొహం. పిల్ల ఊపిరి బిగబట్టి అమ్మ నోటికేసే చూస్తోంది. పోయిందంటే చాలు, మొగుడు నవ్వుతాడు, అత్త నవ్వుతుంది, ఊరు ఇళ్ళకి పోతుంది. పిల్ల మాత్రం రేపు కూడా ముద్ద దూడకి పెడుతుంది.

"పోలేదు" అంది నూకరత్నం. "ఎప్పుడూ పోలేదండీ. నాకు నడుం నొప్పి. మంగా, నువ్వు పెద్దదానివై కాదే ఎత్తుకోనిది. అమ్మకి నొప్పే."

 అందరూ అచ్చియ్యమ్మకేసి చూశారు, ఇంక తిట్లు అందుకుంటుందని. అచ్చియ్యమ్మ నేలకేసే చూస్తూ, "నాకూ పోలేదే అమ్మాయ్" అంది. "నువ్వు కాపరానికి రాకముందునించీ." వెనకాల బస్తాలాయన నాకూ అన్నాడు. ఊడ్పులావిడ నాకూ అంది. కొట్టాయన నాకూ అన్నాడు. నాకూ, నాకూ, నాకూ అని వీధి చివరిదాకా పోయింది. ఆఖరికి పల్లకీ తెర వెనకనించి సన్నగా, నాక్కూడా అని వినపడింది.

దయ్యం పెద్ద భయం ఏవిటో తెలిసిందా? అదే. ఒక కాలు జారింది దానికి. ఒక్క కాలే సుమా, రెండోది ఇంకా వేళ్ళాడుతూనే ఉంది.

అబ్బులు అరుగు చివర కూలబడి తన పాదాలకేసి చూసుకుంటున్నాడు. "మరి ఈ కాళ్ళెందుకు నాకు?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "నా పక్కన నడవడానికండీ" అంది నూకరత్నం. "పొద్దున్నే కాసేపు, చెరుకుతోట దాకా." అబ్బులు కళ్ళు వత్తుకున్నాడు.

సరే, అందరూ నొప్పి అన్నారు, అందరూ ఏడ్చారు. తరవాత ఏం చెయ్యాలి? ఒక్కరికీ తెలీదు. నొప్పి పేరు చెప్తే నొప్పి పోదు కదర్రా, దారి మాత్రం తెరుచుకుంటుంది. నూకరత్నం దుడుకుగా లేవలేదు. పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు అరుగు కిందకి జార్చి, చేత్తో అరుగు అదిమి మెల్లిగా లేచి కూచుంది. అలా కూచుంటే మంగ మొహం సరిగ్గా తన మొహానికెదురుగా వచ్చింది. ఎత్తుకోకపోయినా అందింది.

అబ్బులు జేబులో ఫోనుంది, అందులో సూరీడమ్మ నంబరుంది. తిట్టి తరిమారు గానీ నంబరు తీసెయ్యడం ఎవరికీ తోచలేదు. సూరీడమ్మ ఏవంటుందో? రాయిలా ఉన్నానన్నావుగా అంటుందేమో. అసలు ఎత్తనే ఎత్తదేమో అనుకుంది నూకరత్నం. అత్తకేసి చూసింది. అత్త కష్టపడి తల కాస్త పైకెత్తి, "నాగ్గూడా అడుగు" అంది.

నూకరత్నం మొగుడి ముందు చెయ్యి చాపింది. "ఫోనిలా ఇవ్వండి. సూరీడమ్మకి నేనే చేస్తాను" అంది.

అంతే. కథ కంచి దారి పట్టింది, పరుగున కాదు, ఆగి ఆగి, నిటారుగా నడుస్తూ. మనం మాత్రం ఇల్లు చేరిపోయాం. పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకోండి. ఎక్కడైనా నొప్పుంటే నిద్రపోయేముందు చెప్పండి. చెప్పకుండా మాత్రం పడుకోకండి.